కొత్త లేక్‌లో పైక్ చేప: తిరిగి వెతకాలా, ఎర వేసి కూర్చోవాలా?

ఒడ్డున_కుర్చీ: జూన్ చివర్లో మిన్నెసోటాలో, బ్రెయినర్డ్ వైపు క్యాబిన్ తీసుకుంటున్నాం. లేక్ 400 ఎకరాలు, లోతు 45 అడుగుల దాకా. అద్దె పడవ, ఉన్నది ఒక్క పూట. పళ్లతో వేటాడే పైక్ చేప కోసం లూర్ (నకిలీ ఎర) విసురుతూ తిరగాలా, బెండు కింద సక్కర్ మిన్నో (ఎరగా వాడే చిన్న చేప) వేసి కూర్చోవాలా?

స్పూన్_రావు: తిరగాలి, ఇంకో మాట లేదు. బెండు చుట్టుపక్కల చేప లేకపోతే పూటంతా గాలికి పోయినట్టే. ముందు రోజే డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్ల లేక్‌ఫైండర్ వెబ్‌సైట్‌లో లోతుల మ్యాప్ చూడండి. గీతలు ఎడంగా ఉన్నచోట నేల చదునుగా ఉంటుంది, అక్కడ గడ్డి పెరుగుతుంది. గీతలు దగ్గరపడితే ఏటవాలు. ఈ రెండూ కలిసే అంచు, అందులోనూ అది వంపు తిరిగే చోటు పట్టుకోండి. అక్కడ క్యాబేజీ అని పిలిచే వెడల్పాకు నీటిమొక్క కనిపిస్తే ఇక వదలొద్దు.

ముప్పావు ఔన్సు ఎరుపు తెలుపు స్పూన్ (చెంచా ఆకారం లోహపు లూర్) చాలు. గడ్డి చిక్కగా ఉంటే స్పిన్నర్‌బెయిట్ (తిరిగే రేకున్న లూర్) వేయండి, దాని హుక్ పైకి చూస్తుంది కాబట్టి తక్కువ చిక్కుకుంటుంది. పడవను అంచుకు ఒక విసురు దూరంలో గాలికి వదిలేయండి. పావుగంటలో ఏమీ తగలకపోతే చోటు మార్చండి. చేప వెంట వచ్చి కొట్టకుండా తిరిగిపోతుంటే రంగులు మార్చుతూ కూర్చోకండి, వేగం మార్చండి.

బెండు_బాబాయి: రావుగారి పద్ధతిలో చేపలు పడతాయి, కాదనను. కానీ ఎక్కువగా పడేవి ఇక్కడివాళ్లు ‘సుత్తి పిడి’ అని వెక్కిరించే 18, 20 అంగుళాలవే. నీళ్లు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక పెద్ద పైక్ లోతు తక్కువ చోటి గడ్డి వదిలేసి చల్లని నీళ్లు వెతుక్కుంటుంది. దానికి 7, 8 అంగుళాల సక్కర్, లోతు వైపు గడ్డి కొసలకు రెండు మూడు అడుగుల పైన వేలాడాలి. పైక్ కళ్లు పైకి చూస్తాయి, దాని కిందికి ఎర వేసి లాభం లేదు.

రెండు ట్రెబుల్ (మూడు కొనల) హుక్కుల క్విక్ స్ట్రైక్ కట్టు, అంటే చేప కొట్టగానే లాగేందుకు కట్టే ఎర కట్టు, వాడండి. బెండు మునగ్గానే దారం బిగించి లాగాలి. ‘మింగనివ్వండి’ అని పాతవాళ్లు చెప్పేది నమ్మొద్దు, హుక్ కడుపులో దిగితే వదిలిన చేప కూడా బతకడం కష్టం.

గాలం_గురివి: రెండూ చేస్తే పోలేదా? ఒక రాడ్ బెండుకి పెట్టి ఇంకోటి విసరొచ్చు కదా.

బెండు_బాబాయి: కుదరదమ్మా. మంచు లేని కాలంలో ఇక్కడ మనిషికి ఒక్క గాలమే. పడవలో ఇద్దరుంటే తలా ఒకటి వేసుకోవచ్చు.

స్పూన్_రావు: బాబాయిగారి ‘చల్లని లోతు’ వాదం అన్ని లేకులకీ పనికిరాదు. సారవంతమైన లేకుల్లో ఎండాకాలం అట్టడుగు నీళ్లలో ఆక్సిజనే ఉండదు. 35 అడుగుల్లో చల్లగా ఉన్నా చేప ఉండలేదు. లేక్‌ఫైండర్‌లోనే వలల సర్వే ఉంటుంది, అందులో టులిబీ (చల్లని నీళ్లలో బతికే చిన్న చేప) ఉందో లేదో చూడండి. ఆ చేప ఉందంటే లోతులో చల్లదనమూ ఆక్సిజనూ రెండూ ఉన్నట్టు, పెద్ద పైక్‌కి కొవ్వున్న తిండి కూడా. అప్పుడు బాబాయిగారి మాట వినండి. లేకపోతే గడ్డి బయటి అంచే దిక్కు.

పదివేల_సరస్సులు: ఇద్దరూ లీడర్ (దారానికీ హుక్‌కీ మధ్య కట్టే గట్టి ముక్క) ఊసే ఎత్తలేదు. 12 అంగుళాల స్టీల్ వైర్, లేదా కనీసం 80 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం పెట్టండి. బాస్ చేపకి వాడే 15, 20 పౌండ్ల దారాన్ని పైక్ పళ్లు ఇట్టే కోసేస్తాయి, హుక్ దాని నోట్లోనే ఉండిపోతుంది. మెయిన్ లైన్ 40 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) చాలు. పడవ పక్కకొచ్చాకే పైక్ అసలు పరుగు తీస్తుంది, డ్రాగ్ (చేప లాగితే దారం వదిలే రీల్ బ్రేకు) మరీ బిగించారంటే తెగేది అక్కడే.

కొర్రమీను అలవాటున్నవాళ్లకి ఒక మాట. కొర్రమీను గాలి పీలుస్తుంది, బయట వేసినా చాలాసేపు బతుకుతుంది. పైక్ అలా కాదు. వేడి నీళ్లలో పెనుగులాడి అలిసిన చేపని ఫొటోల కోసం పట్టుకుంటే చచ్చిపోతుంది. పొడుగు ముక్కు ప్లయర్స్, వైర్ కట్టర్ చేతికందేలా పెట్టుకోండి. హుక్ రాకపోతే దాన్నే కత్తిరించండి. కళ్ల గుంటల్లో వేళ్లు పెట్టి ఎత్తొద్దు.

ఒడ్డున_కుర్చీ: టులిబీ ఉందండీ, సర్వేలో చూశాను. నేనూ మా బావమరిదీ వెళ్తున్నాం, తలా ఒకటి వేస్తాం. పడినవాటిలో ఏవి ఉంచుకోవచ్చు?

పదివేల_సరస్సులు: 16 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్సు ఉండాలి. పైక్ రూల్సు ప్రకారం బ్రెయినర్డ్ నార్త్ సెంట్రల్ జోన్‌లోకి వస్తుంది. మనిషికి 10 పైక్‌లు, అందులో 26 అంగుళాలు దాటినవి రెండే. 22 నుంచి 26 మధ్యవి వెంటనే నీళ్లలో వదిలేయాలి. కొన్ని లేకులకి వేరే రూల్సు ఉంటాయి, పడవ దింపే ర్యాంప్ దగ్గర బోర్డు చదవండి. కూరకి 20 అంగుళాలది బాగుంటుంది, కాకపోతే వై ఆకారం ముళ్లు తీయడం నేర్చుకోవాలి.

బెండు_బాబాయి: వెళ్లేటప్పుడు పడవ ప్లగ్ తీసి నీళ్లన్నీ వదిలేయండి. మిగిలిన మిన్నోలను లేక్‌లో పోయొద్దు, చెత్తబుట్టలో వేయండి. ఉంచుకోవాలంటే బకెట్‌లో లేక్ నీళ్లు పారబోసి, ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు పోయండి.

స్పూన్_రావు: నా స్పూన్‌కి ఈ బకెట్ గొడవే లేదు 🙂