45 రోజులకి ఒక సూది వేయించాం, కుక్కపిల్లకి ఇక చాలా?

ప్రశ్న: నమస్తే, మాది పర్లాకిమిడి. పోయిన వానల్లో మా కుక్కపిల్ల నాలుగు రోజులు వాంతులు, రక్త విరేచనాలతో చచ్చిపోయింది, పార్వో అనే వైరస్ జబ్బు అన్నారు. ఇప్పుడు ఇంకో పిల్లని తెచ్చాం. 45 రోజులకి ఒక సూది వేయించాం, ఇంక అక్కర్లేదని ఎదురింటావిడ అంటోంది. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చాలదమ్మా. నేనూ ఒక్క సూదితో ఊరుకుని మూడో నెలలో పిల్లని పోగొట్టుకున్నాను, అందుకే గట్టిగా చెప్తున్నా. తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ కొన్ని వారాలు పిల్ల ఒంట్లో ఉంటుంది, అది ఉన్నన్నాళ్లూ మనం వేయించే టీకాని కూడా పట్టనివ్వదు, పైగా అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే 6-8 వారాలకి మొదలుపెట్టి 3-4 వారాలకోసారి వేయిస్తూ, ఆఖరిది 16 వారాలు నిండాక వేయించాలి. ఆ ఆఖరిదే చాలామంది ఎగ్గొడతారు. డిస్టెంపర్, హెపటైటిస్ అనే జబ్బులకి టీకా కూడా ఇదే సూదిలో ఉంటుంది. రేబిస్‌ది వేరు, మూడు నెలలు నిండాక.

ఇంకోటి, కొందరు పాతపట్నంలో టీకా కొని జేబులో వేసుకుని ఆటోలో తెచ్చేస్తారు. అది 2-8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, ఎండకి వేడెక్కితే వేయించినా వేయించనట్టే. డాక్టరు ఫ్రిజ్‌లోంచి తీసి, అడుగున తెల్లగా అంటుకున్న మందులో నీళ్ల సీసా కలిపి మీ కళ్ల ముందే వేయాలి. సీసా మీది స్టిక్కర్ కార్డులో అతికించమనండి.

పాత పిల్ల పోయిన ఇల్లు కదా, పార్వో మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. గచ్చు సబ్బుతో కడిగాక, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచండి. మట్టి వాకిట్లో అది సరిగా పని చేయదు, పిల్లని అటు దింపకండి. పాత గిన్నె, గోనెపట్టా పారేయండి. చెప్పులు బయటే.

ప్రశ్న: సరే అన్నయ్యా, రేపటికి 10 వారాలు. వీధిలోకి ఎప్పుడు తీసుకెళ్లొచ్చు?

జవాబు: అయితే రెండోది రేపే వేయించేయమ్మా, జ్వరం గానీ విరేచనాలు గానీ ఉంటే మాత్రం తగ్గేదాకా ఆగాలి. నులిపురుగుల మందు పట్టారో లేదో డాక్టరుకి చెప్పు. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోండి, ముఖం వాచినా వాంతి అయినా వెంటనే చూస్తారు. ఆ రాత్రి కాస్త మందంగా పడుకుంటే భయపడొద్దు. వీధిలోకి మాత్రం ఆఖరి సూది అయ్యాక రెండు వారాలు ఆగి తీసుకెళ్లు.