అప్‌డేట్: చీపురుపల్లి పొలంలోని బోర్ల సంగతి

ఎండిపోయిన పాత బోరుకు, దాని పక్కన సాగు కోసం వేయదలచిన కొత్త బోరుకు యజమానులుగా మా బాధ్యత ఏమిటని లోగడ అడిగాను. వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి నేలమట్టం వరకు పూడ్చాలని సుప్రీంకోర్టు 2010 నాటి మార్గదర్శకాలలో ఉన్నందున, నోటికి బస్తా కట్టి బండ పెడితే చాలునన్న చిన్నాన్నగారి సలహాను పక్కన పెట్టి, పూర్తిగా పూడ్పించాము. కొత్త బోరు వ్యవహారం అంత తేలిక కాదు. మేము ఎంచుకున్న చోటు పంచాయతీ మంచినీటి బోరుకు 250 మీటర్ల లోపే ఉంది కనుక, నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం చేసిన 2002 నాటి వాల్టా చట్టం కింద ముందస్తు అనుమతి తప్పనిసరి. సొంత భూమి కదా అన్న వాదన ఇక్కడ చెల్లదు, నా దృష్టిలో అది న్యాయమే కూడా. దరఖాస్తు ఇచ్చాము. అనుమతి వస్తే, తవ్వకానికి 15 రోజుల ముందు రాతపూర్వకంగా అధికారులకు తెలియజేసి, చుట్టూ కంచె వేయించాకే రిగ్గును పిలుస్తాము.