పాత రోడ్‌స్టర్‌ని ఫిక్సీ చేస్తున్నా: ముందు బ్రేకు లేకుండా సిరిపురం డౌన్ దిగొచ్చా?

ఎంవీపీ_కొత్తచైను: నాది రాడ్ బ్రేకుల పాత రోడ్‌స్టర్ సైకిలు. ఫిక్సీ అంటే ఫ్రీవీల్ లేకుండా, చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరిగేది. చైన్‌వీల్ 46 పళ్ళు, వెనక కాగ్ (చక్రానికుండే పళ్ళ బిళ్ళ) 16. విశాఖలో సిరిపురం నుంచి బీచ్ రోడ్డుకి దిగి రుషికొండ దాకా. బ్రేకు తీసేసి కాళ్ళతోనే ఆపొచ్చా?

వాల్తేరు_స్పోకు: వద్దు. ఆపేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి పోతుంది, వెనక టైరుకి పట్టు తగ్గి జారుతుంది. స్కిడ్‌తో, అంటే పెడళ్ళు బిగబట్టి వెనక చక్రాన్ని జార్చి ఆగాలంటే ముందు బ్రేకుతో ఆగే దూరానికి దాదాపు రెట్టింపు కావాలి. 46/16తో గంటకి 40 కిలోమీటర్ల వేగంలో పెడళ్ళు నిమిషానికి వందసార్లకి పైగా తిరుగుతాయి. ఆ ఊపుని కొత్త కాళ్ళు పట్టలేవు.

తొక్కుడుబిళ్ళ: గేరు మారిస్తే పట్టగలవు. 44/17 పెట్టు తమ్ముడూ. స్కిడ్ కొట్టినప్పుడు అరుగుడు టైరు మీద 17 చోట్లకి పంచుకుంటుంది. 46/16 అంటే 23/8, ఎనిమిది చోట్లే. 48/16 పెడితే ఒక్కచోటే అరిగి టైరు పోతుంది.

గాజువాక_గ్రీజు: 23 బేసి సంఖ్య. ముందుండే కాలు మార్చి మార్చి స్కిడ్ కొడితే 46/16కీ 16 చోట్లు వస్తాయి. 44/17కి ఆ లాభం లేదు.

వాల్తేరు_స్పోకు: అడిగింది బ్రేకు గురించి. 44/17తో అదే వేగంలో నిమిషానికి ఇంకో పదిసార్లకి పైగా ఎక్కువ తొక్కాలి. కైలాసగిరి ఎక్కడానికి హాయి, దిగడానికి మరీ కష్టం.

తొక్కుడుబిళ్ళ: టైరు ఖర్చు కుర్రాడిది. నీది కాదు కదా!

వాల్తేరు_స్పోకు: ఏటి గురూ, టైరు టైరు అంటావు! వెనక చక్రం మధ్యనుండే హబ్ ఏదో అడిగావా? రోడ్‌స్టర్ హబ్‌కి ఫ్రీవీల్ మర ఒక్కటే ఉంటుంది. కాగ్ దానికి ఎక్కుతుంది. కానీ కాగ్ ఊడకుండా పట్టే లాక్‌రింగ్‌కి కావలసిన ఎడమ మర ఉండదు. ముందుకి తొక్కితే బిగుస్తుంది, వెనక్కి పడితే ఊడుతుంది. వాలులో ఊడిందా, బ్రేకు కూడా లేకపోతే ఇక ఆపేది ఏదీ లేదు.

తొక్కుడుబిళ్ళ: బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు) లాక్‌రింగ్, మరకి పూసే లాక్‌టైట్ జిగురు వేస్తే చాలు.

వాల్తేరు_స్పోకు: ఆ రింగుదీ కుడి మరే. కాగ్ వెనక్కి తిరిగితే దాంతోపాటే వదులవుతుంది.

తొక్కుడుబిళ్ళ: ట్రాక్ హబ్ (లాక్‌రింగ్ ఎడమ మర కూడా ఉండేది) అని చెప్పి మామూలు హబ్ అంటగట్టిన షాపుకి నేను డబ్బు పోసి ఉన్నాను. ట్రాక్ హబ్బే కావాలి, కొత్త చక్రమే కావాలి అంటూ పోతే పాత సైకిలున్న పిల్లలెవరూ ఇటు రారు. డబ్బున్నవాళ్ళదేనా ఫిక్సీ?

వాల్తేరు_స్పోకు: ఇదా నీ బాధ! ముందే చెప్పాల్సింది. పెయింటు, హ్యాండిల్ టేపు మానేసి ఆ డబ్బు వెనక చక్రానికి పెట్టమంటున్నా. తర్వాత ముందు చక్రానికి బ్రేకు. రాడ్ బ్రేకు ఫోర్కు కాబట్టి క్రౌన్‌కి (ఫోర్కు పైభాగానికి) బోల్టు రంధ్రం ఉందో లేదో చూడాలి. రంధ్రం నుంచి రిమ్ మీద బ్రేకు షూ పడే చోటికి కొలవాలి. మామూలు రేసు కాలిపర్ (రిమ్‌ని రెండు వైపులా నొక్కే బ్రేకు) 49 మిల్లీమీటర్ల దాకానే అందుతుంది. అంతకు మించితే పొడుగు చేతుల లాంగ్ రీచ్‌ది కొనాలి.

గాజువాక_గ్రీజు: ట్రాక్ హబ్ కొంటే కాగ్ మరకి గ్రీజు రాయండి. సముద్రపు గాలికి తుప్పుపడితే తర్వాత విప్పడం నరకం. చైను మధ్యలో అర అంగుళం ఆడేలా ఉంచండి.

ఎంవీపీ_కొత్తచైను: హబ్ చూశాను. మర ఒక్కటే ఉంది.

తొక్కుడుబిళ్ళ: మరి చక్రం కొనేదాకా సైకిలు గోడకి ఆన్చి ఉంచాలా?

వాల్తేరు_స్పోకు: అక్కర్లేదు. ఫ్రీవీల్, పాత రాడ్ బ్రేకులు రెండూ ఉంచి తొక్కనీ. కాగ్ మాత్రం ఆ హబ్‌కి ఎక్కించొద్దు.

తొక్కుడుబిళ్ళ: బీచ్ రోడ్డు చదునులో, ముందు బ్రేకుతో అయితే ఎక్కించొచ్చనే అంటాను.