ఊరి మురుగుకు ఇంటింటా ఇంకుడు గుంతలా, ఊరి చివర శుద్ధి కుంటలా?

నల్లరేగడి:
మాది వెయ్యి మంది ఉన్న ఊరు. నల్లా నీళ్లు వచ్చాక వాడకం పెరిగింది, మోరీలు మాత్రం పాతవే. అన్నీ పోయి చెరువులో కలుస్తున్నాయి. ఉపాధి హామీ కింద ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుదామని మొన్న గ్రామసభలో అన్నారు. నేను ఒప్పుకోలేదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఇక నీళ్లు దిగవు. ఇంతకుముందు మా వాడలో తవ్వినవి మొదటి వానాకాలానికే పొంగాయి.

దాని బదులు ఊరి చివర శుద్ధి కుంటలు తవ్వుదామంటాను. నా లెక్క చెప్తాను. మిషన్ భగీరథ ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు. అందులో 80 మురుగుగా బయటికి వస్తాయనుకుంటే ఊరికి రోజుకు 80 వేల లీటర్లు. ఆ మురుగు శుభ్రపడేదాకా కుంటల్లో పది రోజులు నిలవాలంటే 8 లక్షల లీటర్లు పట్టాలి. నాలుగడుగుల లోతున తవ్వితే ఏడు గుంటల జాగా, గట్లతో కలిపి పది. వరుసగా మూడు కుంటలు: మొదటిదాంట్లో బురద దిగుతుంది, రెండోదాంట్లో నాచు, సూక్ష్మజీవులు మురికిని తింటాయి, మూడోదాంట్లో ఎండకు క్రిములు చస్తాయి. కరెంటు అక్కర్లేదు.

ఎర్రచెల్క:
అన్నా, లెక్క బాగుంది. కానీ పూడిక ఎవరు తీస్తారు? మా పక్క ఊళ్లో ఇట్లాంటి కుంటే తవ్వారు. రెండేళ్లకు గుర్రపుడెక్క కమ్మేసి, సాయంత్రమైతే దోమలతో బయట కూర్చోలేకపోయారు. పంచాయతీ పని అంటే ఎవరి పనీ కాదు. గుంత అయితే ఎవరింటిది వాళ్లే చూసుకుంటారు. నల్లరేగడి అని వదిలేయకండి, కింద మొరం తగిలేదాకా తవ్వాలి. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా టెంభుర్ణి వాళ్లు ఇంటింటా గుంతలు తవ్వి దోమలు తగ్గించుకున్నారు. గుంతకు ముందు చిన్న తొట్టి కట్టి, అందులో చేరే జిడ్డు, మెతుకులు వారానికోసారి తీసేయాలి. అది చేయకే గుంతలు పూడిపోతున్నాయి.

బావిగట్టు:
మీరిద్దరూ స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా వీధిలో సగం ఇళ్ల సెప్టిక్ ట్యాంకు పైపు మోరీలోకే ఉంది. ఆ మోరీ పక్కనే పిల్లలు ఆడుకుంటారు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. రేపు ఆ పైపునే ఇంకుడు గుంతలోకి తిప్పితే? మొరం దాకా తవ్వడమంటే నీటి ఊటకు అంత దగ్గరికి పోవడమే కదా. మరుగుదొడ్ల మురుగు నుంచి ఊటలోకి నైట్రేట్ దిగుతుంది. తాగే నీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రమాణం. చేతిపంపు పక్కన గుంత తవ్వే ముందు ఆ నీళ్లు ఎవరైనా పరీక్ష చేయించారా? ముందు మరుగుదొడ్లకు జంట గుంతలు కట్టించండి. ఒకటి నిండితే మూసేసి రెండోది వాడాలి. రెండేళ్లకు మొదటిది ఎరువవుతుంది.

నల్లరేగడి:
అక్కా, మీ మాట నిజం. మరుగుదొడ్ల సంగతి నా లెక్కలో లేదు, అది నా పొరపాటే. కుంటలు తవ్వినా ఆ పైపులు మోరీలో ఉన్నంతకాలం పిల్లలకు ముప్పు తప్పదు.

తమ్ముడూ, పూడిక మాటకొస్తే, 15వ ఆర్థిక సంఘం పంచాయతీల గ్రాంటులో 30 శాతం పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. ఇలాంటి డబ్బు కొత్త సీసీ మోరీలకే పోతోంది, ఉన్నవి బాగుచేయడానికి మిగలడం లేదు. ఏటా ఎండాకాలంలో పూడికతీతకు ఇంత అని సభలో ముందే తీర్మానం రాయించుకుంటే నీ భయం తీరుతుంది. మీ చెల్క నేలకు గుంతలే మంచివి, కాదనను. మా ఊరికి మాత్రం కుంటలే కావాలంటాను. వచ్చే సభ లోపు ఎన్ని ఇళ్ల పైపులు మోరీలోకి ఉన్నాయో వాడవాడా తిరిగి రాసుకొస్తాను.