‘టూ బుక్’, ‘టెన్ రుపీస్ నోట్’: ఒకే పిల్లాడు రెండు రకాలుగా ఎందుకు తప్పుతాడు?

రాయగడ నుంచి:
మాస్టారూ, మా గుంటడు ఒడియా మీడియంలో ఏడు చదువుతున్నాడు. ఇంట్లో తెలుగే. ఇంగ్లీషులో ‘టూ బుక్’ అని రాస్తాడు, ఆ కింది లైన్లోనే ‘టెన్ రుపీస్ నోట్’ అంటాడు. ఒకచోట ఎస్ లేదని, ఇంకోచోట ఉందని మార్కులు పోతున్నాయి. రూలు అడిగితే గడగడా అప్పజెబుతాడు. మరేమిటిది?

పర్లాకిమిడి నుంచి:
ఆ రెండు తప్పులూ ఒకచోట పుట్టినవి కావమ్మా. మొదటిది బడి భాషది. ఒడియాలో అంకె చెప్పాక పేరుకు బహువచనం అక్కర్లేదు. ‘దుయిటి బొహి’ అంటే రెండు పుస్తకాలే. రెండోది ఇంటి భాషది. మనం పది రూపాయల నోటు, పన్నెండేళ్ల పిల్ల, మూడంతస్తుల మేడ అంటాం. అన్నిట్లోనూ బహువచనమే. ఇంగ్లీషులో అంకె, కొలత కలిసి విశేషణంగా ముందు నిలిస్తే ఎస్ ఉండదు: టెన్ రుపీ నోట్, ట్వెల్వ్ ఇయర్ ఓల్డ్ గర్ల్, త్రీ స్టోరీ బిల్డింగ్. విడిగా ధర చెప్పేటప్పుడు మాత్రం టెన్ రుపీస్.

తమాషా ఏమిటంటే, ఇక్కడ ఒడియావాళ్ల ‘దశ టంకియా నోట్’ ఇంగ్లీషుతో సరిగ్గా కలుస్తుంది. అంటే మొదటి వాక్యానికి తెలుగులో ఆలోచించాలి, రెండోదానికి ఒడియాలో! రూలు మళ్లీ బట్టీ పెట్టించకండి. ఏ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడికి చూపించండి, చాలు.

గుణుపురం నుంచి:
పాలు, నీళ్లు సంగతి కూడా చెప్పండి మాస్టారూ. మా పిల్ల ‘మిల్క్ ఆర్’ అంటుంది.

పర్లాకిమిడి నుంచి:
అనదూ మరి? పాలు విరిగాయి, నీళ్లు వచ్చాయి అంటాం కదా. ఇంగ్లీషులో అవి లెక్కపెట్టని సరుకు, కాబట్టి ‘మిల్క్ ఈజ్’. లెక్క కావాలంటే గిన్నెనో గ్లాసునో లెక్కపెట్టాలి. ‘రెండు గ్లాసుల పాలు’ అని మనమూ అంటాం కాబట్టి ‘టూ గ్లాసెస్ ఆఫ్ మిల్క్’ తేలిగ్గానే వస్తుంది. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అనే తప్పుకీ మందు తెలుగులోనే ఉంది. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అంటామే గానీ ‘స్నేహితుడిలో ఒకడు’ అనం కదా.

సిరొంచ నుంచి:
మా వైపు మరాఠీ బడి పిల్లలకి ఆ పాల గొడవ తక్కువండి. ‘పాణీ ఆలం’, ‘దూధ్ నాసలం’, రెండూ ఏకవచనమే. వాళ్లతో నా పోరంతా ఫర్నిచర్స్, ఇన్ఫర్మేషన్స్ గురించే.

పర్లాకిమిడి నుంచి:
అవి అందరికీ ఉన్న జబ్బేనండి. బజార్లో బోర్డుల మీద ‘ఫర్నిచర్స్’ అని చూసి చూసి అదే కరెక్టనుకుంటారు. షాపు పేరుని మనం దిద్దలేం, పరీక్ష పేపర్లో మాత్రం ఎస్ తీసెయ్యమనండి.

రాయగడ నుంచి:
వాడికి చూపించాను మాస్టారూ, నవ్వుతున్నాడు. ‘కత్తెర ఒకటే కదా, సిజర్స్ ఆర్ ఎందుకు?’ అని అడుగుతున్నాడు.

పర్లాకిమిడి నుంచి:
రెండు రేకులు కలిస్తేనే కత్తెర కాబట్టి. ట్రౌజర్స్‌కి రెండు కాళ్లు, కళ్లజోడుకి రెండు అద్దాలు. ఒకటి అని చెప్పాలంటే ‘ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్’ అనమనండి. ‘జోడు’ అని మనమూ అన్నాం గానీ, కళ్లజోడు పగిలిందనే అంటాం, పగిలాయని అనం.