నీళ్లలో దిగిన ఫోర్ బై ఫోర్‌కి డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ వెంటనే మార్చాలా, 40,000 దాకా ఆగొచ్చా?

వేళచేరి తెలుగోడు:

మొన్నటి వానకి పల్లికరణై దగ్గర రోడ్డు మీద నీళ్లు ఎలా నిలిచాయో చెన్నైలో ఉన్న మనవాళ్లందరికీ తెలుసు. ఓఎంఆర్ మీద గంటసేపు నడిపి, వేడి మీదున్న బండిని అలాగే ఆ నీళ్లలోకి దించాల్సి వచ్చింది. హబ్బులు (చక్రాల మధ్యభాగాలు) మునిగాయి. ముందు లారీ ఆగిపోవడంతో చాలాసేపు అందులోనే ఇరుక్కుపోయాం. నాది డీజిల్, పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్, అంటే కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లేది. 22,000 కిలోమీటర్లు తిరిగింది, ఇంకా వారంటీలోనే ఉంది.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "డిఫరెన్షియల్ ఆయిల్ 40,000కి సార్, ఇప్పుడే ఎందుకు" అన్నారు. నేను ఒప్పుకోను. అది ఆయిల్ పాతబడడానికి వేసిన లెక్క, నీళ్లు కలవడానికి వేసింది కాదు. హబ్బులు మునిగాక ముందు, వెనక డిఫరెన్షియళ్లలోనూ (ఇరుసు మీది రెండు చక్రాలకీ పవర్ పంచే గేర్లు) ట్రాన్స్‌ఫర్ కేసులోనూ (ముందు, వెనక ఇరుసులకి పవర్ పంపే పెట్టె) ఆయిల్ మార్చేయాల్సిందే అని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఒరగడం ఇంజినీర్:

కాదనేవాణ్ని నేను. మహీంద్రా థార్‌కి 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో వెళ్లొచ్చని కంపెనీయే చెబుతోంది. దాని హబ్బు మధ్యభాగం నేల నుంచి 400 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. అంటే హబ్బులు మునుగుతాయని తెలిసే సీళ్లూ, లోపలి గాలి ఆడటానికి బ్రీదర్లూ పెట్టారు. మునిగిన ప్రతిసారీ నీళ్లు దూరేటట్టయితే ఆ అంకె చెప్పేవాళ్లే కాదు.

పైగా విప్పిన ప్రతిసారీ ఒక రిస్కు ఉంది. ప్లగ్గు అతిగా బిగించి మరలు పాడు చేయడం, పాత వాషరే మళ్లీ వేయడం, తప్పు గ్రేడు ఆయిల్ పోయడం, ఇవన్నీ బయట షెడ్లలో జరిగేవే. అనుమానం ఉంటే ఫిల్లర్ ప్లగ్గు (ఆయిల్ పోసే రంధ్రం బిరడా) విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ రంగు మారకపోతే మూసేయండి. భయంతో మార్చకండి, చూసి మార్చండి.

పాత జిప్సీ:

నేను జిప్సీ నడిపిన రోజుల్లో వానాకాలం అయిపోగానే మూడింట్లోనూ ఆయిల్ దించేసేవాణ్ని, కిలోమీటర్లు ఎన్నైనా సరే. మూడూ కలిపినా చాలా బళ్లకి పట్టేది నాలుగు నుంచి ఆరు లీటర్లే. డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ గేర్ల సెట్టు పోయిందంటే దాని ముందు ఈ ఖర్చు ఎంత? వేళచేరి తమ్ముడు చెప్పిందే సరి.

ఒక్క జాగ్రత్త చెబుతాను, సొంతంగా చేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి. ముందు ఫిల్లర్ ప్లగ్గు విప్పాలి, ఆ తర్వాతే ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్గు. ఫిల్లర్ తుప్పు పట్టి రాకపోతే, అప్పటికే కింద ఆయిల్ అంతా దించేసి ఉంటే, బండి షెడ్డు దాకా కూడా కదలదు.

గూడూరు మెకానిక్:

అంబత్తూరులో మా షెడ్డుకి ప్రతి వానకీ ఇలాంటి బళ్లు వస్తాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇంజినీర్ గారూ, కంపెనీ చెప్పిన లోతు గురించి నాకు పేచీ లేదు. అది నీళ్లు దాటుకుని అవతలికి వెళ్లిపోయే బండికి చెప్పిన మాట. వేడి మీద వచ్చి నీళ్లలో నిలబడిపోయిన బండి సంగతి వేరు. హైవే మీద గంట నడిచాక వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ (పైడబ్బా) మీద చెయ్యి ఆనించి చూడండి, ఎక్కువసేపు ఉంచలేరు. లోపలున్న గాలి కూడా అదే వేడి మీద ఉంటుంది. ఒక్కసారిగా చల్లటి నీళ్లు తగిలితే ఆ గాలి కుంచించుకుపోయి బయటి నుంచి లాగుతుంది. బ్రీదర్ నీటికి పైన ఉండి, శుభ్రంగా ఉంటే గాలినే లాగుతుంది, గొడవ లేదు. మట్టితో పూడుకుపోయిందనుకోండి, ఆ లాగుడంతా ఆయిల్ సీళ్ల మీద పడుతుంది. ఆ సీలు ప్రధానంగా లోపలి ఆయిల్ బయటికి రాకుండా పెట్టింది. బయటి నీళ్లని ఆపడంలో దానికి అంత బలం లేదు. మట్టి రోడ్ల మీద తిరిగిన బళ్లకి బ్రీదర్ మూత కదలకుండా బిగుసుకుపోయి ఉండటం మేం తరచూ చూస్తాం.

ఇక ఫిల్లర్‌లో వేలు పెట్టి చూడమన్నారు. తిరకాసంతా అక్కడే ఉంది. నీళ్లు ఆయిల్ కంటే బరువు. బండి ఒక రాత్రి ఆగి ఉంటే కలవని నీళ్లన్నీ అడుక్కి దిగిపోతాయి. ఫిల్లర్ రంధ్రం ఉండేది పైన. అక్కడ వేలికి శుభ్రమైన ఆయిలే తగులుతుంది, మీరు నిశ్చింతగా మూసేస్తారు. ఈమధ్య ఒక బండికి సరిగ్గా ఇలాగే పైన అంతా బాగుంది. డ్రెయిన్ ప్లగ్గు పానాతో రెండు చుట్లు వదులు చేసి వేళ్లతో పట్టుకుని ఉంచితే, ముందు ఉత్త నీళ్లు చుక్కలుగా పడ్డాయి, తర్వాత పాలు కలిపిన కాఫీ రంగులో ఒక ధార వచ్చింది, ఆ తర్వాతే ఆయిల్. పైన మాత్రమే చూసి ఉంటే ఆ బండి అలాగే వెళ్లిపోయేది.

అందుకని చూసే పద్ధతులు రెండు. రెండు మూడు కిలోమీటర్లు నడిపి, ఆపిన వెంటనే ఫిల్లర్ దగ్గర చూడండి, అప్పుడు కలిసి ఉంటుంది కాబట్టి రంగు తెలుస్తుంది. లేదా రాత్రంతా నిలిపి, పొద్దున్నే బండి కదపకముందు డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి చూడండి. నా ఓటు రెండోదానికి.

ఒరగడం ఇంజినీర్:

మంచి విషయం చెప్పారు. చూసే పద్ధతి గురించి మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఇది చూడటానికి కారణం అవుతుంది, మూడూ మార్చడానికి ఎలా అవుతుంది?

వేళచేరి ఆయన వెళ్లింది రోడ్డు మీద, టూ హైలో, అంటే వెనక చక్రాలకే పవర్ ఇచ్చి. ముందు డిఫరెన్షియల్ మీద లోడు లేదు కాబట్టి వెనకదానంత వేడెక్కదు. వేడి లేకపోతే మీరు చెప్పిన లాగుడు కూడా అంత ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సు వెనకాల ఇంకా ఎత్తులో ఉంటుంది. అనుమానించాల్సింది వెనక హౌసింగ్ ఒక్కదాన్నే.

తడ రోడ్డు:

ఇంజినీర్ గారి మాట నా బండి విషయంలో నిజమైంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు చెన్నైని ముంచేసింది కదా. మేడవాక్కంలో మా వీధిలో బండి హబ్బుల దాకా నీళ్లలోనే ఉండిపోయింది. తర్వాత మూడూ విప్పించాను, దగ్గరుండి చూశాను. వెనకదాంట్లో నీళ్లున్నాయి. ముందుదీ, ట్రాన్స్‌ఫర్ కేసూ శుభ్రంగా ఉన్నాయి.

మెకానిక్ డ్రెయిన్ ప్లగ్గు చివర అయస్కాంతాన్ని గుడ్డతో తుడవకుండా నా చేతికిచ్చాడు. దానికి అంటుకున్న బూడిదరంగు ముద్దని రెండు వేళ్ల మధ్య నలిపి చూడమన్నాడు. మెత్తగా జారిపోతే మామూలు అరుగుదల, గరుకుగా రేకులు తగిలితే లోపల పళ్లో బేరింగో దెబ్బతింటున్నట్టు అని చెప్పాడు. నాది మెత్తగానే ఉంది. ఆ గంధకం వాసన మాత్రం వేళ్లని చాలాసేపు వదల్లేదు.

అందరికీ ఒక మాట. బ్రీదర్ గొట్టాన్ని పొడిగించి ఇంజిన్ గది పైభాగం దాకా తెచ్చుకోండి. పెద్ద ఖర్చు కాదు. నేను ఆయిల్ మార్పించిన రోజే అది కూడా చేయించాను. తడ, నాగలాపురం వైపు వాగులు దాటే అలవాటున్నవాళ్లకి ఇది తప్పనిసరి.

గూడూరు మెకానిక్:

అక్కా, మీ బండి ఇంటి ముందు చల్లగా ఉండగానే నీళ్లలో నానింది. వేడి లేకపోయినా వెనక నీళ్లు దూరాయంటే, ఎక్కువసేపు నానితే సీలు ఎలాగైనా దారి ఇవ్వొచ్చనే కదా. అలాంటప్పుడు ముందు డిఫరెన్షియల్ వేడెక్కలేదు కాబట్టి ఫర్వాలేదన్న వాదన నిలవదు. ఇంజినీర్ గారు దీనికి జవాబు చెప్పాలి. ఇంకోటి, టూ హైలో కూడా వెనక చక్రాలకి పవర్ వెళ్లేది ట్రాన్స్‌ఫర్ కేసు గుండానే. అదీ వేడెక్కుతుంది.

ఒరగడం ఇంజినీర్:

ట్రాన్స్‌ఫర్ కేసు వేడెక్కుతుంది, ఒప్పుకున్నాను. ముందుదాని సీలు పాతదో అరిగిందో అయితే నానినప్పుడు దారి ఇస్తుంది, అదీ నిజమే. 22,000 తిరిగిన బండికి అంత అనుమానం అక్కర్లేదని నా నమ్మకం. అయినా మూడింటినీ చూడటానికి నాకు అభ్యంతరం లేదు. చూడకుండా మార్చడానికే అభ్యంతరం.

పాత జిప్సీ:

డ్రెయిన్ ప్లగ్గు వదులు చేశాక కొంత ఆయిల్ పోతుంది, మళ్లీ నింపాలి. కొత్త వాషరూ వేయాలి. అంత దూరం వెళ్లినవాడు 22,000 నడిచిన ఆయిల్‌ని అందులోనే ఉంచుకోవడం దేనికి, సగం పని ఎలాగూ అయిపోయాక?

వేళచేరి తెలుగోడు:

జిప్సీ బాబాయ్ మాటే నాకు నచ్చుతోంది. ఏ ఆయిల్ పోయాలో కూడా చెప్పండి. మా కొలీగ్ ఒకాయన చెన్నై ఎండకి 85డబ్ల్యూ-140 పోయమంటున్నాడు. ఇంట్లో 80డబ్ల్యూ-90 జీఎల్-4 డబ్బా ఒకటి ఉంది, అది పోయొచ్చా?

ఒరగడం ఇంజినీర్:

రెండూ వద్దు. డిఫరెన్షియల్‌లో ఉండేవి హైపాయిడ్ గేర్లు. పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, జారుతూ రాసుకుంటాయి. ఆ ఒత్తిడి తట్టుకునే గంధకం, భాస్వరం అడిటివ్‌లు జీఎల్-5లో ఎక్కువ ఉంటాయి, జీఎల్-4లో తక్కువ. అందుకే చాలా బళ్ల డిఫరెన్షియల్‌కి జీఎల్-5 రాసి ఉంటుంది. అలాగని మిగిలిన జీఎల్-5ని మాన్యువల్ గేర్‌బాక్సులో పోయకండి, గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే సింక్రోల ఇత్తడికి కొన్ని పడవు.

చెన్నై ఎండ 40 డిగ్రీలు. గ్రేడులో ఆ 90 అనే అంకె కొలిచేది 100 డిగ్రీల దగ్గర. అక్కడ 90 గ్రేడు చిక్కదనం 13.5 సెంటీస్టోక్స్ నుంచి 18.5 లోపు, 140 గ్రేడుది కనీసం 24. మాన్యువల్‌లో 90 అని ఉంటే ఊరి ఎండ చూసి 140కి పోవాల్సిన పని లేదు. అనవసరంగా లాగుడు పెరుగుతుంది.

గూడూరు మెకానిక్:

ట్రాన్స్‌ఫర్ కేసు విషయంలో మరీ జాగ్రత్త. కొన్ని బళ్లకి గేర్ ఆయిల్, కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్). డిఫరెన్షియల్‌కి పోసిందే ఇందులోనూ పోసేసే షెడ్లున్నాయి, పక్కనుండి చూసుకోండి. వెనక లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్) ఉంటే దానికి తగిన ఆయిలే పోయాలి, లేకపోతే మలుపుల్లో లోపలి ప్లేట్లు గరగరమంటాయి. బండి సమతలంగా ఉండాలి. ఒక చక్రం కిందే జాకీ పెట్టి పోస్తే లెవెల్ తప్పు చూపిస్తుంది. ఫిల్లర్ అంచు నుంచి ఆయిల్ కారడం మొదలయ్యేదాకా పోసి, కారడం ఆగాక ప్లగ్గు బిగించండి. చాలా బళ్లకి అదే లెవెల్. ఇరుసులకి పవర్ తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లకి (క్రాసులు) గ్రీజు నిపుళ్లుంటే గ్రీజు కూడా కొట్టించండి, అవీ నీళ్లలో మునిగినవే.

తడ రోడ్డు:

వేళచేరి తమ్ముడూ, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో చేయాలనుకుంటున్నావేమో, అక్కడ వద్దు. పాత ఆయిల్ 2016 వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు వాన కాలువలో పోసేశారు. అదంతా పల్లికరణై చిత్తడి నేలకే కదా చేరేది, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. డబ్బాలో పట్టి, అధీకృత రీసైక్లర్‌కి ఇచ్చే షెడ్డు చూసి అక్కడే దించించు.

ఇంకో విషయం. ఆయిల్ ఏది పోసినా, ఫోర్ బై ఫోర్ నెలల తరబడి వేయకపోతే ట్రాన్స్‌ఫర్ కేసులో కొన్ని భాగాలకి ఆయిల్ సరిగా అందదు. టొయోటా మాన్యువళ్లలో నెలకి కనీసం 16 కిలోమీటర్లు ఫోర్ వీల్ డ్రైవ్‌లో నడపమని రాశారు. పొడి తారు రోడ్డు మీద మాత్రం వద్దు.

వేళచేరి తెలుగోడు:

సరే, ఆదివారం అంబత్తూరు వస్తాను. శనివారం రాత్రే బండి షెడ్డులో వదిలేస్తే పొద్దున్నే కదపకుండా మూడు ప్లగ్గులూ చూడొచ్చు. వెనకది ఎలా ఉన్నా మార్చేస్తాను. ముందుదీ, ట్రాన్స్‌ఫర్ కేసూ చుక్క చూశాక తేలుస్తాం. ఆయిల్, వాషర్లు జీపీ రోడ్డులో కొని తెస్తాను, గ్రేడు మాన్యువల్‌లో ఉన్నదే. వారంటీ కోసం బిల్లులన్నీ దాచుకుంటాను.

ఒరగడం ఇంజినీర్:

వెనకది "ఎలా ఉన్నా మార్చేస్తాను" అన్నదగ్గర నాకు ఇప్పటికీ ఒప్పుదల లేదు. బ్రీదర్ మూత వేలితో కదుపుతే కదిలిందో లేదో, ఆ సంగతి కూడా రాయండి. నీళ్లు దూరి, బ్రీదర్ బాగానే ఉందంటే సీలు మార్చకుండా ఆయిల్ ఒక్కటే మార్చి లాభం లేదు.

గూడూరు మెకానిక్:

అది నిజం. శనివారం ఎనిమిదిలోపు తీసుకురండి, సమతలంగా ఉన్న చోట పెట్టిస్తాను. వాషర్లు ప్లగ్గుకి ఒకటి చొప్పున, మొత్తం ఆరు తెచ్చుకోండి.