విదేశాల్లో ఆదివారం తెలుగు బడి: మొదటి ఏడాది అక్షరాలు ఆపుదామా?

ఎడిసన్ టీచర్:

న్యూజెర్సీలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్తాను. జీతం ఉండదు, ఇష్టంతో చేస్తున్న పని. ఆగస్టులో కొత్త పిల్లలు చేరేలోపు మా టీచర్లం ఒక సంగతి తేల్చుకోవాలి. మీ అందరి మాటా వినాలనుంది.

మా దగ్గర చేరేది ఆరేడేళ్ల పిల్లలు. మొదటి ఏడాదంతా అ ఆలు, క ఖలు, గుణింతాలు, ఆఖర్లో వత్తులు. ఉన్నది వారానికి ఒక్క పూట. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో అడిగితే పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తారు. మే నెల వచ్చేసరికి "చెరువులో తామరలు పూచాయి" అని తడుముకోకుండా చదివేస్తారు. చెరువంటే ఏంటో అడిగితే చెప్పలేరు. మన లిపిలో ఎలా రాస్తే అలాగే పలుకుతాం కాబట్టి అర్థం తెలియకపోయినా చదవడం సాగిపోతుంది. అది చూసి బిడ్డకు తెలుగు వచ్చేసిందని తల్లిదండ్రులు నమ్ముతారు. వార్షికోత్సవంలో పద్యం చెప్పిస్తాం, అందరూ చప్పట్లు కొడతారు. అదే పిల్లని అమ్మమ్మ వీడియో కాల్‌లో "అన్నం తిన్నావా, ఏం కూర?" అని అడిగితే ఫోను తీసుకెళ్లి తల్లి చేతికిస్తుంది.

అందుకని మొదటి ఏడాది పుస్తకం తెరవొద్దంటున్నాను. మాటలే నేర్పుదాం. కథ చెప్పడం, కూరగాయల బేరం ఆడటం, కలిసి పులిహోర కలపడం, ఇండియాలో ఉన్న పెద్దవాళ్లతో ఫోన్లో మాట్లాడటం. అక్షరాలు రెండో ఏడాది.

లెక్కల మాస్టారు, డాలస్:

టీచర్ గారూ, మీ బాధ నాకు తెలుసు. నేనూ చాలాకాలంగా ఇక్కడ తెలుగు చెప్తున్నవాణ్నే. కానీ ఈ మందు ఆ జబ్బుకు పనిచేయదు.

మాట్లాడటం వారానికి ఒక పూటలో రాదు. రోజూ వినాలి, రోజూ అవసరం పడాలి. ఆ పని ఇంటిది. ఇల్లు చేయలేనిది, బడి మాత్రమే చేయగలిగేది లిపి నేర్పడం. క్రమం తప్పకుండా కూర్చోబెట్టి, చేయి పట్టుకుని దిద్దించే ఓపిక ఏ ఇంట్లో ఉంది? మీకు చేతనైన పని వదిలేసి, చేతకాని పని నెత్తిన వేసుకుంటున్నారు.

ఇంకో మాట. ఎనిమిదేళ్లు దాటితే సాకర్, స్పెల్లింగ్ బీ, లెక్కల పోటీలు ఒకేసారి మీద పడతాయి. రెండో ఏడాదికి సగం మంది ఉండరు. అక్షరాలు రాకుండా వెళ్లిపోయిన పిల్లలు మళ్లీ రారు. కాలిఫోర్నియాలో 2011లో చట్టమై, తర్వాత మిగతా రాష్ట్రాలకు పాకిన సీల్ ఆఫ్ బైలిటరసీ సంగతి కూడా చూడండి. హైస్కూల్ పట్టా మీద ఆ ముద్ర పడాలంటే రెండో భాషలో చదవడం, రాయడం కూడా వచ్చుండాలి. పదహారేళ్లప్పుడు పిల్లలే అడుగుతారు, నాకెందుకు నేర్పలేదని.

గోదారిగట్టు:

మాస్టారు గారూ, "ఆ పని ఇంటిది" అని తేలిగ్గా అనేశారు. మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలే. పొద్దున ఏడింటికి పిల్లాణ్ని దింపితే మళ్లీ సాయంత్రం ఆరింటికి. హోంవర్క్ ఇంగ్లీషులో, స్నేహితులు ఇంగ్లీషులో. మిగిలిన గంటలో తెలుగులో మాట్లాడమని పోరితే వాడు మాట్లాడటమే మానేస్తాడు. తరగతిలో వాడి వయసు పిల్లలు తెలుగులో మాట్లాడుతుంటే, అప్పుడు వాడికీ నోరు పెగులుతుంది. తోటివాళ్లతో తెలుగు ఆడుకునే చోటు మాకు ఇంకెక్కడా లేదు. నా ఓటు టీచర్ గారికే.

పాలమూరు అక్క:

అందరు మాట ముందా రాత ముందా అంటున్నరు. ఏ మాట అన్నది ఎవ్వరు అడుగుతలేరు.

మా బిడ్డ తెలుగు క్లాసుకు పోవుడు షురూ చేసినంక వాళ్ల అమ్మమ్మను దిద్దుతున్నది. "ఎట్లున్నవ్ బిడ్డా" అంటే "ఎలా ఉన్నావు అనాలి" అంటది. మా అమ్మ బడికి పోలే. నారాయణపేట దిక్కు బతుకంత చేన్ల చేసిన మనిషి. మనవరాలి ముంగట తన మాట తప్పు అయిందని ఇప్పుడు ఫోన్ల మాట్లాడాలంటే జంకుతున్నది. దీనికి నేను ఎవ్వరిని తిడతలేను, పుస్తకంల ఉన్నదే టీచర్ చెప్పింది. కానీ మాటలే నేర్పుతం అంటే ఈ సంగతి ముందుగాల తేలాలె. మనకు రెండు భాషా దినాలు ఉన్నయి, ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పుట్టినరోజు, సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు. ఇద్దరు కూడ జనం నోట్ల ఉన్న మాట దిక్కే నిలవడ్డోళ్లు. గిడుగు అయితే సవర గిరిజనుల భాష నేర్చుకొని, ఆ పిల్లలకు వాళ్ల భాషలనే వాచకాలు రాసిండు. ఆయన పేరు మీద పండుగ చేసి, ఇంట్ల మాటను తప్పు అంటే ఎట్ల?

లెక్కల మాస్టారు, డాలస్:

అక్కా, ఇందులో మీకు ఎదురు చెప్పడానికి ఏమీ లేదు. మా దగ్గర కూడా ఇది జరుగుతోంది, ఆగాలి.

కోరంగి:

కొన్నాళ్లు మారిషస్‌లో ఉన్నాను. ఇక్కడ ఆ దేశం మాట పనికొస్తుందనిపించింది.

19వ శతాబ్దంలో చెరకు తోటల కూలికి మనవాళ్లు అక్కడికి వెళ్లారు. కోరంగి రేవు పేరు మీద వాళ్లని కోరంగీలు అనేవారు. ఈరోజుకీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. సర్కారు ప్రాథమిక బడుల్లో తెలుగు ఎంచుకుని చదవొచ్చు. 1970లో పెట్టిన మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు శాఖ ఉంది. అంటే మాస్టారు గారు అడిగే లిపి, పరీక్ష, పట్టా అన్నీ ఉన్నాయి. కానీ ఎక్కువ ఇళ్లలో మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష. రామభజనలు కంఠస్థంగా పాడేవాళ్లు కూడా, పాట అయిపోగానే క్రియోల్‌లోకి వెళ్లిపోతారు.

అయితే దీన్ని టీచర్ గారి వైపు పూర్తిగా లెక్కేయకండి. 1860 తర్వాత దక్షిణాఫ్రికా నటాల్‌కి వెళ్లిన తెలుగువాళ్లకి బడి ఆసరా అంతగా దొరకలేదు. 1931 నుంచి ఆంధ్ర మహాసభ పాటుపడుతున్నా అక్కడ భాష చాలావరకు పాటల్లో, పూజల్లో మిగిలింది. మారిషస్‌లో మాట పోయినా, కావాలనుకున్న కుర్రాడు మళ్లీ నేర్చుకోవడానికి ఒక దారి ఉంది. ఆ దారి బడి వేసిందే. రెండు చోట్లా చూశాక అక్షరాన్ని చిన్నచూపు చూడటం నాకు చేతకాదు.

ఎడిసన్ టీచర్:

కోరంగి గారూ, అక్షరం మీద నాకూ చిన్నచూపు లేదు. వరస గురించే నా గొడవ.

మాస్టారు గారికి లెక్కలోనే చెప్తాను. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు చదువు గురించి ఒక సూత్రం రాశారు. చదివి అర్థం చేసుకునే శక్తి అంటే అక్షరాలు కూడబలుక్కునే శక్తిని, వింటే అర్థమయ్యే శక్తితో గుణించగా వచ్చేది అన్నారు. కూడితే కాదు, గుణిస్తే. ఒకటి సున్నా అయితే జవాబు సున్నాయే. మా తరగతిలో ఒక వైపు ఏడాదంతా పెంచుతున్నాం, రెండో వైపు సున్నా దగ్గరే ఉంచుతున్నాం. ఙ, ఞ, ఌ దిద్దించడానికి పోయే ఆదివారాలు తలుచుకుంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

లెక్కల మాస్టారు, డాలస్:

గుణకారమే అయితే మీ మొదటి ఏడాదిలోనూ ఒక వైపు సున్నాయే కదండీ.

రెండూ పెరగాలి. వరస మార్చండి, ఒప్పుకుంటాను. అ నుంచి ఱ దాకా పాఠం పెట్టకండి. పిల్ల నోట్లో ఇప్పటికే ఉన్న మాటలు తీసుకోండి. ఏ పిల్లకైనా అమ్మ, నాన్న, తాత, పాలు, పప్పు ఉంటాయి. వాటిలోంచే అక్షరం తీయండి. ఊళ్లో ఒకటో తరగతి వాచకాల్లో కూడా ఇప్పుడు బొమ్మ, పదం, ఆ తర్వాతే అక్షరం. అమ్మ, నాన్న, పప్పు రాయాలంటే వత్తు మొదటి నెలలోనే వస్తుంది, రానివ్వండి. ఙ, ఞ పక్కన పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు.

పాలమూరు అక్క:

ఇట్లయితే మా ఇంట్ల మాట కూడ పలక మీదికి వస్తది. నాకు సమ్మతం.

ఎడిసన్ టీచర్:

మాస్టారు గారూ, ఇది మా టీచర్ల ముందు పెడతాను. అయినా మొదటి మూడు నెలలు మాత్రం నోటి మాటే ఉండాలని అడుగుతాను, అందులో వెనక్కి తగ్గను. ఆ మూడు నెలల్లో ప్రతి ఇంటి నుంచీ అమ్మమ్మో, తాతయ్యో తమ యాసలోనే చెప్పిన చిన్న కథ ఫోన్లో రికార్డు చేసి పంపమంటాం. తరగతిలో అందరం వింటాం. ఎవరి మాటనీ దిద్దకూడదని టీచర్లకు ముందే చెప్తాం. పిల్లలు ఆ కథల్లోంచి పట్టుకున్న మాటలతోనే అక్షరాలు మొదలవుతాయి.

ఏడాది చివర చదివించే పరీక్ష కూడా మార్చాలి. వేదిక మీద పద్యం ఉంటే ఉండనీ. మార్కులు మాత్రం ఇండియాలో ఉన్న ఒక పెద్దమనిషితో ఐదు నిమిషాలు మాట్లాడినందుకు వేయాలి.

లెక్కల మాస్టారు, డాలస్:

పరీక్ష దగ్గర మాత్రం నేను మీతో లేను. ఫోన్లో బిడియపడే పిల్లలకి అన్యాయం జరుగుతుంది. ఇంట్లో అమ్మమ్మ ఉన్న పిల్లకీ, ఎవరూ లేని పిల్లకీ ఒకే కొలత పెడతారా?

గోదారిగట్టు:

ఎవరూ లేని పిల్లలకి మా అమ్మ ఉంది. రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది, రోజూ మధ్యాహ్నం మూడు దాటాక ఖాళీ. అప్పటికి అమెరికాలో మీకు తెల్లవారుజాము, కాబట్టి శనివారం రాత్రి ఎనిమిదికి చేయిస్తే ఆవిడకి ఆదివారం పొద్దున అవుతుంది. పిల్లల పేర్లు ఎప్పుడు పంపుతారో చెప్పండి టీచర్ గారూ.